పాల గిలాసలో నల్ల చాక్లెట్

కామారెడ్డి కొత్త జిల్లా అయిన తర్వాత రెండో వానాకాలంలో నన్ను ఎల్లారెడ్డి ప్రాజెక్టుకు బదిలీ చేశారు. శిశు సంక్షేమ శాఖలో నా హోదా సూపర్‌వైజర్, గ్రేడ్ వన్. పైన ప్రాజెక్టు అధికారి, కింద అంగన్‌వాడీ టీచర్లు, మధ్యలో మేము. పైవాళ్ల దగ్గర కిందివాళ్లను వెనకేసుకు రావాలి, కిందివాళ్ల దగ్గర పైవాళ్లను వెనకేసుకు రావాలి. ఇద్దరి చేతా మాట పడాలి. హైదరాబాదులో పోషకాహార శాస్త్రం చదువుకుని కొలువులో చేరిన దాన్ని. అయినా గుడ్లు మురిగాయా, పాల ప్యాకెట్లు ఉబ్బాయా, ఆయా వేళకు వస్తోందా అని చూడటంలోనే నా సర్వీసు చాలా మటుకు గడిచిపోయింది. చదివిన చదువు అక్కరకు వచ్చిన సందర్భాలు కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

మా కేంద్రాల్లో నెలకొకసారి ఆరోగ్య, పోషణ దినం జరుగుతుంది. ఆ రోజు ఆరోగ్య శాఖ నుంచి ఊళ్లు తిరిగే నర్సు, ఏఎన్ఎం వస్తుంది. ఊళ్లోని గర్భిణులను మా టీచర్ పిలుచుకొస్తుంది. బరువు, బీపీ చూసి, వేలి కొసన సూదితో పొడిచి, రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో పరీక్షిస్తారు. గర్భిణికి అది పదకొండు ఉండాలి. తగ్గితే రక్తహీనత అంటాం. ఏడుకంటే కిందికి పోతే అది తీవ్రమైనది. అలాంటి మనిషికి కాన్పులో కాస్త ఎక్కువ నెత్తురు పోయినా ప్రాణం మీదికి వస్తుంది. మావైపు పదకొండు ఉన్న గర్భిణి ఒక్కరు కనబడినా ఆ పూటంతా మాకు సంతోషంగా ఉండేది.

ఎల్లారెడ్డికి దగ్గరలోనే ఒక ఊరు. అక్కడ మౌనిక అనే అమ్మాయికి మూడో నెలలో తొమ్మిదిన్నర ఉంది. నాలుగో నెల నుంచి అందరికీ ఇచ్చినట్టే రోజుకొక ఐరన్ గోలి ఇచ్చారు. గోలి మింగేవాళ్లకు రక్తం పెరగాలి, పెరగకపోయినా ఉన్నచోట నిలబడాలి. ఈమెకు ఐదో నెలలో ఎనిమిదిన్నరకు దిగింది. ఏడో నెలలో ఏడున్నర దగ్గరికి వచ్చి ఆగింది. కడుపులో నులిపురుగులకు మందు వేశారు, ఎల్లారెడ్డి దవాఖానలో వేరే పరీక్షలూ చేశారు, వాటిలో ఏమీ బయటపడలేదు. అన్నిటికంటే భయపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. రెండేళ్ల కింద ఈ అమ్మాయికే ఎనిమిదో నెలలో కడుపులో బిడ్డ చనిపోయింది. ఇప్పుడు మళ్లీ ఆ నెల ముంగిట్లోకి వస్తోంది, రక్తం చూస్తే అడుగంటుతోంది.

ఏఎన్ఎం విజయ పనిమంతురాలు. ఎండనక వాననక స్కూటీ మీద తిరిగేది. ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

"మింగుతలేదు మేడం. ఉత్త అట్టలు నాకు చూపెడ్తది, గోలీలేమో మోరిల పారేస్తది. గిసొంటోళ్లను ఎంతమందిని చూడలే నేను!"

ఆమె అనుమానం గాలికి పుట్టింది కాదు. ఆ గోలి వేసుకుంటే కొందరికి వికారం పుడుతుంది, నోట్లో తుప్పు వాసన వస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది. కడుపులో బిడ్డ బాగా లావైతే కాన్పు కష్టమవుతుందని భయపెట్టే అవ్వలు ప్రతి వాడలోనూ ఉన్నారు. అందుకని గోలీలు మోరిలో, పెరట్లో, పెంటకుప్పలో పారేసినవాళ్లను నేనూ చూశాను. మా కేంద్రానికి వచ్చి మధ్యాహ్నం భోజనం చేసేవాళ్లయితే టీచర్ కళ్లముందే మింగిస్తుంది. మౌనిక కేంద్రానికి వచ్చేది కాదు. అత్త సాయవ్వ రానిచ్చేది కాదు. కొడుకు దుబాయిలో ఉన్నాడు, నాలుగెకరాల పొలం ఉంది, ఇంట్లో పాడి ఉంది; కోడలు గిన్నె పట్టుకుని అంగన్‌వాడీలో బంతిన కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారని ఆమె పట్టు. ఈ మర్యాద మావైపు గల్ఫ్ ఇండ్లలో తరచుగా చూసేదాన్ని. పప్పు, ఆకుకూర, గుడ్డు మర్యాద దగ్గరే ఆగిపోయేవి.

విజయ ఆ మాట మౌనిక ముందే అనేసింది, సాయవ్వ విననే విన్నది. ఇక ఇంట్లో ఆ పిల్లకు నిలువనీడ లేకుండా పోయిందని టీచర్ చెప్పడంతో నేనే ఇంటికి వెళ్లాను. అది శుక్రవారం సాయంత్రం. వాన కొట్టి వెలిసింది.

సాయవ్వ మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ తుడిచి వేసింది, చాయ్ తెచ్చింది, నేను రెండు గుక్కలు తాగేదాకా ఓపిక పట్టింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. మొదటి బిడ్డనూ ఈమే పోగొట్టిందట. అప్పుడూ గోలీలు మింగి ఉండదట. కొడుకు దుబాయిలో సూపర్ మార్కెట్లో పొద్దంతా నిలబడి కాళ్లు వాచిపోతున్నా, పెండ్లాం నెత్తురు కోసం ఎంతో ఖరీదైన చాక్లెట్ పంపుతున్నాడట.

"బంగారమసొంటి చాక్లెట్ పంపుతడు మేడం. ఆడికెల్లి పిట్లం దిక్కోళ్లు ఎవలచ్చినా, బీబీపేట దిక్కోళ్లు ఎవలచ్చినా ఆళ్ల చేతుల పెట్టి పంపుతడు. తియ్యటియి వాడకట్టుకు పంచుత. చేదుయి గీమె కోసమే ఫ్రిజ్‌ల దాసిపెడ్త. నేనొక్క ముక్కన్న ముట్ట. కాకరకాయ నమిలినట్టుంటది."

ఫ్రిజ్ తెరిచి చూపించింది కూడా. నల్లటి కాగితంలో చుట్టిన పలకలు, ఎనభై ఐదు శాతం కోకో అని రాసి ఉన్నాయి. డార్క్ చాక్లెట్ అంటారు దాన్ని. మామూలు చాక్లెట్‌లో పాలు, చక్కెర ఎక్కువ, కోకో తక్కువ. దీనిలో చక్కెర కొద్దిగానే ఉంటుంది, కోకో గింజల ముద్దే ఎక్కువ. అందుకే నలుపు, అందుకే చేదు.

మౌనిక తలుపు దగ్గర నిలబడి ఉంది. పెదవుల్లో నెత్తురు చుక్క లేదు. గోలీలు మింగుతున్నావా అని నేను అడగలేదు. ఆ ప్రశ్న అప్పటికే ఆమెను ఊరంతా అడిగింది. మా పనిలో ముందునుంచీ నాకొక పద్ధతి ఉండేది. పిల్లల పిండి ఎట్లా కలుపుతున్నావని తల్లిని అడిగితే, మేము చెప్పినట్టే తిరిగి అప్పజెబుతుంది. కలిపి చూపించమంటేనే అసలు సంగతి తెలుస్తుంది. అందుకని, రోజూ ఏ వేళకు ఎట్లా వేసుకుంటావో ఇప్పుడు నా ముందు అట్లాగే వేసుకుని చూపించు బిడ్డా అన్నాను.

"గీ యాళకే ఏసుకుంట మేడం. ఆయన ఫోన్ చేసే యాళకు" అని వంటింట్లోకి వెళ్లింది.

చిన్న గిన్నెలో బర్రెపాలు కాచింది. ఫ్రిజ్‌లోంచి పలక తీసి నాలుగు ముక్కలు విరిచి ఆ పాలల్లో వేసి, కరిగి చిక్కబడేదాకా కలిపింది. స్టీలు గిలాసలో పోసుకుంది. అట్ట నొక్కి గోలి అరచేతిలో వేసుకుంది. అంతలో ఫోను మోగింది. వీడియో కాల్. అవతల నరేష్, ఆమె భర్త. బంకు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి, అతనికి కనబడేట్టు నిలబడి, గోలి నోట్లో వేసుకుని గిలాసెడు పాలూ గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని నా వైపు చూసింది. ఆ చూపులో, ఇప్పుడైనా నమ్ముతారా అన్న ప్రశ్న తప్ప ఇంకేమీ లేదు.

"రోజు గిట్లనే తాగుతది మేడం, నేను నా కండ్లతోని చూస్త" అన్నాడు నరేష్ ఫోన్లోంచి. ఆ మాట అతను తల్లికి ఇదివరకే చాలాసార్లు చెప్పి ఉంటాడు.

"గిలాస కనవడ్తది బిడ్డా, గోలి కనవడ్తదా?" అన్నది సాయవ్వ.

నాకు అక్కడే విషయం తెలిసిపోయింది. సంతోషం కలగలేదు.

నరేష్‌ను అడిగాను, పాలల్లో కలిపి గోలితో పాటు తాగమని ఎవరు చెప్పారని. తనే చెప్పానన్నాడు. అతని పని సూపర్ మార్కెట్లో అల్మరాల్లో సరుకు సర్దటం. చాక్లెట్ పలకల వెనక రాసి ఉన్నది చదివాడు, ఫోన్లో వీడియోలూ చూశాడు. దీనిలో ఐరన్ బాగా ఉంటుందని తెలిసింది. గోలిలో ఐరన్, చాక్లెట్‌లో ఐరన్, పాలల్లో బలం. మూడూ ఒక్కసారి పడితే రెట్టింపు పని చేస్తాయని లెక్క వేశాడు. గోలి వికారం పుట్టిస్తోందని మౌనిక చెబితే, చాక్లెట్ పాలతో ఆ వాసన చచ్చిపోతుందని కూడా అతనికే తోచింది. మౌనికకు అది నిజంగానే సుఖంగా ఉంది. ఆ తర్వాత ఆమె ఒక్క రోజు కూడా గోలి మానలేదు.

ఇది చదివేవాళ్ల కోసం ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. నరేష్ చదివినదాంట్లో అబద్ధం లేదు. కోకో ఎక్కువున్న డార్క్ చాక్లెట్ వంద గ్రాములు తీసుకుంటే, అందులో పది పన్నెండు మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. చాలా ఆకుకూరల్లో అంత ఉండదు. మెగ్నీషియం, రాగి, భాస్వరం, పొటాషియం కూడా బాగానే ఉంటాయి. పీచు ఉంటుంది. దాదాపు సగం బరువు కొవ్వే కాబట్టి వంద గ్రాములకు ఆరువందల కేలరీల దాకా వస్తాయి. నాలుగు ముక్కలు తింటే ఆకలి చచ్చిపోతుంది, ఆ పూట అన్నం తగ్గుతుంది. కాఫీలో ఉండే కెఫీన్ దీనిలోనూ కొంత ఉంటుంది.

అయితే పదార్థంలో ఉన్నది వేరు, ఒంటబట్టేది వేరు. చాక్లెట్‌కు ఆ చేదూ వగరూ ఎక్కువగా ఏ పదార్థాలవల్ల వస్తాయో, వాటిలో కొన్ని పేగులో ఐరన్‌ను పట్టేసుకుంటాయి. చాయ్ డికాషన్‌దీ అదే గుణం. మొక్కల నుంచి వచ్చే ఐరన్‌నూ, గోలీలోని ఐరన్‌నూ రెండింటినీ అవి వదలవు. పాలల్లోని కాల్షియం ఇంకొంత అడ్డుపడుతుంది. కాల్షియం గోలీ, ఐరన్ గోలీ ఒకేసారి మింగవద్దని విజయ ప్రతి గర్భిణికీ చెప్పేది. చాయ్‌తో వేసుకోవద్దని కూడా చెప్పేది. డార్క్ చాక్లెట్ సంగతి చెప్పాలని ఆమెకు ఎట్లా తోస్తుంది? ఎల్లారెడ్డి మండలంలో అది ఎవరింట్లో ఉంటుంది? మౌనిక రోజూ గోలి మింగింది. మింగిన ఐరన్‌లో చాలా మటుకు ఆ పాలే పట్టుకుని బయటికి పంపేశాయి.

ఇదంతా సాయవ్వకు ఎట్లా చెప్పాలి? వంటింట్లో గోడకు ఆనించి కత్తిపీట ఉంది. పచ్చి అరటికాయ కోసినప్పుడు కత్తి ఏమవుతుందని అడిగాను.

"నల్లగైతది."

"ఎందుకైతది?"

"వగరుకు. ఇనుముకు వగరు తాకితె నల్లగ పట్టేసుకుంటది, చింతపండేసి రుద్దితెనే పోతది."

"నీ కోడలు కడుపుల గదే అయితున్నది సాయవ్వా. గోలిల ఉన్నది ఇనుము. చాక్లెట్‌ల ఉన్నది వగరు. ఆమె రోజు మింగింది. ఒంటికి పట్టలేదు."

సాయవ్వ కత్తిపీట వైపు చూసింది, ఖాళీ గిలాస వైపు చూసింది. క్షమించమనే అలవాటు మావైపు అత్తలకు లేదు. లేచి వెళ్లి, మౌనిక చేతిలోంచి గిలాస తీసుకుని తనే కడిగింది.

నరేష్ ఫోన్లోంచి అంతా విన్నాడు. "అంటె నేనే తాపిచ్చిన్నా మేడం?" అన్నాడు. మంచి చేయబోయి ఇట్లా అయిందని ఓదార్చాలని నాకు నోటిదాకా వచ్చింది. ఓదార్పు వల్ల రక్తం పెరగదు. నువ్వు చదివింది నిజమే నాయనా, దేనితో తినాలో, దేనితో తినకూడదో అట్ట మీద రాయరు అని చెప్పి, చేయవలసింది చెప్పాను. గోలి అన్నానికి రెండు గంటల ఎడం ఇచ్చి, నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకోవాలి. గోలికి ముందూ వెనకా చాయ్ వద్దు, పాలు వద్దు, చాక్లెట్ వద్దు. చాక్లెట్ మీద అంత ప్రేమ ఉంటే పొద్దున పూట ఒక ముక్క చాలు. రోజూ కేంద్రానికి వచ్చి గుడ్డు, ఆకుకూర తినాలి. వీటన్నిటికంటే ముందు, గోలీలతో నింపుకునేంత వ్యవధి ఇక లేదు కాబట్టి రేపే దవాఖానకు పోవాలి.

నేను బయల్దేరుతుంటే మౌనిక గేటు దాకా వచ్చింది. సాయవ్వ కొట్టంలో బర్రె దగ్గర ఉంది. మౌనిక గేటు పట్టుకుని చాలా మెల్లగా అడిగింది.

"మేడం, మొదటి బిడ్డప్పుడు గూడ నేను గిట్లనే తాగిన. పొద్దుమాపు తాగిన. గందుకేనా?"

ఇరవై ఏండ్లు దాటిన నా సర్వీసులో అంత కష్టమైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కడుపులో బిడ్డ పోవటానికి ఎన్నో కారణాలుంటాయి, కొన్నింటిని డాక్టర్లే తేల్చలేరు. తెలియదు బిడ్డా అన్నాను.

"తెల్వదంటె, అయ్యుండొచ్చు గదా."

అయ్యుండవచ్చు, కాకపోయుండవచ్చు అన్నాను. అంతకు మించి ఏది చెప్పినా అది అబద్ధమే అయ్యేది. ఆమె తల ఊపింది. ఏడవలేదు.

"ఆయనకు గీ మాట చెప్పకుండ్రి మేడం. ఆడ ఒక్కడే ఉంటడు."

మరునాడు ఎల్లారెడ్డి డాక్టరమ్మ చూసి, కామారెడ్డి పెద్ద దవాఖానకు రాసిచ్చారు. అక్కడ సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, ఒక రోజు విడిచి ఒక రోజు. సాయవ్వ ప్రతిసారీ బస్సులో వెంట వెళ్లింది. కేంద్రంలో బంతిన కూర్చుని కోడలు తింటుంటే గుమ్మం దగ్గర కాపలా కూడా కాసింది. విజయ మౌనిక దగ్గరికి వచ్చి, "నేనొక మాటన్న, మనసుల పెట్టుకోకు చెల్లె" అన్నది. ఆమె పెద్దమనసుకు నేను సంతోషించాను. ఒక్క చాక్లెట్ పాలవల్లే రక్తం పడిపోయిందని నేను ఇప్పటికీ ఖాయంగా అనను, డాక్టరమ్మ కూడా అనలేదు. అవి మానేసి, సూది మందు పడ్డాక తొమ్మిదవ నెలకు పది దాటిందని మాత్రం చెప్పగలను.

కాన్పు కామారెడ్డిలో అయింది. ఆడపిల్ల. నెత్తురు చాలా పోయింది. మునుపటి ఏడున్నర రక్తంతోనే వచ్చి ఉంటే తల్లిని దక్కించటం కష్టమయ్యేదని అక్కడి డాక్టర్ చెప్పారు. సాయవ్వ వరండాలో కూలబడి బోరున ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి నరేష్ సెలవు మీద వచ్చాడు. మా కేంద్రంలో ఆ రోజు అన్నప్రాశన. ఆరు నెలలు నిండిన పిల్లలకు మొదటి ముద్ద మేమే పెట్టిస్తాం. అతను బిడ్డను ఎత్తుకుని, తల్లీ భార్యలతో వచ్చాడు. పిల్లలందరికీ చాక్లెట్లు తెచ్చాడు, అన్నీ తియ్యటివే. ముద్ద పెట్టడం అయ్యాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చాలా రోజులుగా మోస్తున్న బరువు దించుకోవాలన్నట్టుంది అతని ముఖం.

"మేడం, ఒక్కటి అడుగుత. మొదటిసారి గూడ నేను చాక్లెట్ పంపిన. పాలల్ల కలుపుకోని గోలి ఏసుకొమ్మని ఫోన్ల చెప్పిన. మరి ఆ బిడ్డ..."

అప్పట్లో వాళ్ల మధ్య వీడియో కాల్ లేదు, ఉత్త మాటల ఫోనే. ఆమె తాగిందో లేదో అతను చూడలేదు. నాకంటే ముందు మౌనిక అందుకుంది.

"అప్పుడు నేను తాగనే లేదు. చేదున్నదని రోజు మోరిల పారబోసిన. నీకు చెప్తె తిడ్తవని చెప్పలే."

నరేష్ ఆమె వైపు చూశాడు. అతని భుజాలు కిందికి జారాయి, ఊపిరి వదిలాడు. సాయవ్వ నుదురు కొట్టుకుని, "సూసినవా మేడం, అప్పటినుంచే ఉన్నది దీనికి గీ పారబోసుడు" అన్నది. మౌనిక నా వైపు చూడలేదు. బిడ్డ మూతికి అంటిన మెతుకులు కొంగుతో తుడుస్తూ కూర్చుంది. గేటు దగ్గర ఆమె నాతో అన్న మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఆ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నవి రెండు. పదవీ విరమణ చేసేదాకా నేను ఏ గర్భిణినీ గోలి మింగావా అని అడగలేదు, దేనితో మింగావో చూపించమని అడిగాను. టీచర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు కూడా అదే చెప్పాను. రెండోది, వేలి కొసన తీసిన చుక్క, రక్తం ఎంతుందో చెబుతుంది, మనిషి నిజం చెబుతున్నదో లేదో చెప్పదు. పనిలో ఉన్నవాళ్లు ఆ అంకెనూ మనిషి మాటనూ ఒకటిగా చూడకూడదు.

ఇందులో మనుషుల పేర్లు మార్చాను, ఊరి పేరు రాయలేదు. మౌనిక భర్త ఇంకా దుబాయిలోనే, ఒక్కడే ఉన్నాడు.